బడిలో పొద్దుటి టిఫిన్: కర్నూలు, అనంతపురం, కడప తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఏటా జూన్‌లో బడి తెరిచాక ఒకసారి, సుగ్గి (కోతల పనికి వలసపోయే కాలం) మొదలయ్యే ముందు ఇంకోసారి ఇవే సందేహాలు ఫోన్‌లో వస్తుంటాయి. అడిగేవాళ్లలో తల్లులున్నారు, పంతుళ్లున్నారు, బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ చదివిన బడికి ఏదైనా చేద్దామనుకునే కుర్రాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే రాసిపెట్టడం మేలనిపించింది. వరసగా చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి.

## ఇప్పుడు ఏముంది, ఏం లేదు

సర్కారు బడిలో పొద్దున టిఫిన్ పెడతారా సార్, పెట్టరా?

ఇంటి నుంచి వచ్చి పోయే పిల్లలకు టిఫిన్ అంటూ లేదు. మన రాష్ట్రంలో ప్రభుత్వం పెట్టేది మధ్యాహ్న భోజనం. ఇప్పుడు దాని పేరు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. పొద్దుటి పూటకు కాస్త దగ్గరగా ఉన్నది రాగిజావ ఒక్కటే. 2023 మార్చిలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు భాగస్వామ్యంతో దాన్ని మొదలుపెట్టారు. మంగళ, గురు, శనివారాల్లో జావ, మిగతా మూడు రోజులు బుడ్డల (వేరుశనగల) చిక్కీ. కస్తూర్బా విద్యాలయాలు, గురుకులాలు, సంక్షేమ హాస్టళ్ల సంగతి వేరు. పిల్లలు అక్కడే ఉంటారు కాబట్టి వాళ్లకు పొద్దున టిఫిన్ కూడా మెనూలోనే ఉంటుంది.

రాగిజావ ఇస్తున్నారు కదా, అది టిఫిన్ కాదా?

కాదు. జావ మంచిదే, అందులో అనుమానం లేదు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో దానికి దరిదాపుల్లో కూడా ఉండదు. అయితే ఒక గ్లాసులో పడే పిండి, బెల్లం ఎంతని? చెంచాల లెక్క. దాంతో వచ్చే శక్తి వంద కేలరీల చుట్టుపక్కల ఉంటుంది. ప్రాథమిక తరగతుల మధ్యాహ్న భోజనానికి జాతీయ ప్రమాణం 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. రాత్రి ఎనిమిదింటికి సంగటి తిని పడుకున్న పిల్లకు మళ్లీ కడుపు నిండేది మధ్యాహ్నం పన్నెండు దాటాకే అయితే, నడుమ ఈ గ్లాసు ఊరట మాత్రమే. అదీ వారంలో మూడు రోజులే.

తమిళనాడులో పెడుతున్నారంట, మనకెందుకు లేదు?

తమిళనాడు 2022 సెప్టెంబరు 15న మదురైలో మొదలుపెట్టింది. 2023 ఆగస్టు 25 నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ, తర్వాత ఎయిడెడ్ బడులకూ పెంచింది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఉప్మా, కిచిడీ, పొంగల్ లాంటివి సాంబారుతో పెడతారు. ఆ ఖర్చు రాష్ట్రానిదే. కేంద్రం నడిపే పీఎం పోషణ్ పథకం మధ్యాహ్న భోజనానికే డబ్బిస్తుంది, పొద్దుటి టిఫిన్‌కు ఇవ్వదు.

తమాషా ఏమిటంటే, 2020 జాతీయ విద్యావిధానంలో పొద్దున తేలికైన అల్పాహారం ఇవ్వాలని రాసి ఉంది. వేడిగా వండిపెట్టడం కుదరని చోట బుడ్డలో శనగలో బెల్లంతో కలిపి ఇవ్వొచ్చని కూడా అందులోనే ఉంది. బుడ్డలు పండించే అనంతపురం జిల్లా వాళ్లం మనం. ఇది చదివి నవ్వుకోవాలో ఏడవాలో తెలియదు.

అమెరికా బడుల్లో పిల్లలందరికీ టిఫిన్ ఉచితమా?

అందరికీ కాదు. అక్కడ 1966లో ప్రయోగంగా మొదలై 1975లో శాశ్వత పథకమైంది. ఇంటి ఆదాయాన్ని బట్టి కొందరికి ఉచితం, కొందరికి తగ్గింపు ధర, మిగతావాళ్లు డబ్బు కట్టాలి. 1969లో ఓక్లాండ్ నగరంలో నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ వాళ్లు చర్చిలో వండి నల్లజాతి పేద పిల్లలకు పెట్టడం కూడా దేశమంతా చర్చకు వచ్చింది. పేదలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో దరఖాస్తులు లేకుండా బడి మొత్తానికి ఉచితంగా పెట్టే వీలు 2010 నాటి చట్టంతో వచ్చి, 2014 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చింది. మనం నేర్చుకోదగ్గ విషయం ఒకటుంది. గంట కొట్టకముందు భోజనశాలకు పోయి తినమంటే చాలామంది పిల్లలు వెళ్లేవాళ్లు కాదు, అక్కడికి పోతే పేదవాళ్లని తెలిసిపోతుందని సిగ్గు. గంట కొట్టాక తరగతి గదిలోనే అందరికీ పెట్టిన చోట తినేవాళ్లు పెరిగారు.

టౌన్‌లో అన్న క్యాంటీన్ ఉంది కదా, 5 రూపాయలకే టిఫిన్. పిల్లల్ని అక్కడికి పంపితే పోలేదా?

టౌన్‌లో, క్యాంటీన్ పక్క వీధిలో ఉండేవాళ్లకు పనికొస్తుంది. ఏడేళ్ల పిల్ల ఒంటరిగా మెయిన్ రోడ్డు దాటి, కూలీలతో కలిసి క్యూలో నిలబడి తినిరావడం అయ్యే పని కాదు. పల్లెల్లో ఆ మాటే లేదు.

## మొదలుపెట్టే ముందు

నిజంగా అంతమంది పిల్లలు పరగడుపున వస్తున్నారా?

మీ బడిలో మీరే కనుక్కోండి, కానీ "తిన్నావా?" అని మాత్రం అడగొద్దు. ఏ పిల్లనైనా అలా అడిగితే తల ఊపుతుంది. అమ్మ పరువు దానికి తెలుసు. "పొద్దున ఏం తిన్నావు? ఎవరు పెట్టారు?" అని అడగాలి. అప్పుడు బయటికొస్తాయి: టీలో బన్ను, రాత్రి మిగిలిన సద్ది, అంగడిలో 5 రూపాయల చిప్స్ ప్యాకెట్, లేదా "అమ్మ పనికి పోయింది సార్" అన్న ఒక్క మాట.

కారణం చాలా ఇళ్లల్లో సరుకులు లేకపోవడం కాదు, మనిషి లేకపోవడం. పత్తి తీయడానికో, మిరపకాయలు కోయడానికో, కలుపుకో ఆటో ఎక్కాలంటే తల్లి ఆరు గంటలకే గడప దాటాలి. రేషన్ బియ్యం ఇంట్లోనే ఉంటాయి. వాటిని వండేవాళ్లు ఉండరు. పెద్దపాప తమ్ముడికి మజ్జిగలో సద్దన్నం కలిపి పెడితే తిన్నట్టు, లేదంటే లేదు. ప్రార్థనలో కళ్లు తిరిగి కూర్చునే పిల్లలు, రెండో పీరియడ్‌కే కడుపునొప్పి అనేవాళ్లు, పదిన్నరకు "అన్నం ఎప్పుడు టీచర్" అనేవాళ్లు ఎవరో ఒక వారం గమనిస్తే మీకే లెక్క తెలుస్తుంది.

బాగా పేదవాళ్లకే పెడితే ఖర్చు తగ్గుతుంది కదా?

తగ్గుతుంది. తినేవాళ్లూ తగ్గుతారు. నలుగురిని పేరు పెట్టి పిలిచి ప్లేటు ఇస్తే రెండో రోజు ఇద్దరే వస్తారు. పైగా మన ఊళ్ల బడుల్లో ఇప్పుడు మిగిలిందెవరు? స్తోమత ఉన్నవాళ్ల పిల్లలు పసుపు బస్సెక్కి ప్రైవేటుకు పోతున్నారు. బడి మొత్తానికి పెట్టే డబ్బు లేకపోతే పేదపిల్లల్ని ఏరడం మాని తరగతుల్ని ఎంచుకోండి. ముందు ఒకటి నుంచి ఐదు వరకు, వీలైతే తర్వాత పెద్ద తరగతులు.

దాత దొరికాడు సార్. ఇక మొదలుపెట్టొచ్చా?

ఆగండి. దాత దొరకడం అన్నిటికంటే సులువైన పని. పుట్టినరోజుకని, పెద్దల పేరు మీదని, ఇచ్చేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. కష్టమంతా ఏడు గంటలకు పొయ్యి వెలిగించే మనిషి దగ్గరే ఉంది.

మధ్యాహ్నం వండే ఏజెన్సీ అక్కలే పొద్దున కూడా వండుతారులే అని అందరూ అనుకుంటారు. వాళ్లకు వచ్చే గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు. అదీ కొన్నిసార్లు ఆలస్యంగా. ఆ జీతానికి తొమ్మిదింటికి వచ్చి రెండు దాకా ఉంటున్న మనిషిని ఇంకో రెండు గంటలు ముందు రమ్మంటే, ఆమె ఇంట్లో పిల్లలకు ఎవరు పెట్టాలి? ఉత్సాహం మీద నెల రోజులు చేస్తారు, తర్వాత ఒంట్లో బాగాలేదంటారు. తప్పు వాళ్లది కాదు.

కాబట్టి దాతతో మొదటి మాట బియ్యం, రవ్వ గురించి కాకూడదు. "వండే ఆమెకు నెలకు ఇంత కూలి, సిలిండరుకు ఇంత, మిగిలింది సరుకులకు" అని చెప్పండి. చాలామంది దాతలకు అన్నం పెట్టానన్న తృప్తి కావాలి, కూలి ఇవ్వడం దానంలా అనిపించదు. ఓపిగ్గా ఒప్పించాలి. ఒకే మనిషి మీద ఆధారపడకుండా పొదుపు సంఘంలో ఇద్దరికి వారం మార్చి వారం పని అప్పజెబితే, ఒకరు ఊరికి పోయినా పొయ్యి ఆగదు.

హెచ్ఎం ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

ఆయన భయమేమిటో ముందు అడగండి. రేపు ఎవరికైనా వాంతులైతే మొదట సంజాయిషీ అడిగేది ఆయన్నే. పాఠశాల యాజమాన్య కమిటీలో తీర్మానం రాయించండి. ఎవరు వండుతారు, సరుకులు ఎవరు తెస్తారు, రుచి ఎవరు చూస్తారు అన్నీ అందులో ఉండాలి. కాపీ ఎంఈవోకు ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. కాగితం మీద బాధ్యత పంచుకుంటే చాలామంది హెచ్ఎంలకు టెన్షన్ తగ్గుతుంది. సమాజం నుంచి ఇలా భోజనం తీసుకోవడం కొత్తేమీ కాదు, పీఎం పోషణ్‌లోనే తిథి భోజనం పేరుతో అందుకు చోటుంది.

ఒక పిల్లకు రోజుకు ఎంతవుతుంది?

మన అంగళ్ల ధరల్లో సరుకులు, గ్యాస్ కలిపి ఎనిమిది నుంచి పన్నెండు రూపాయలు వేసుకోండి. ఉగ్గాని (బొరుగులు, అంటే మరమరాలతో చేసే టిఫిన్) రోజు తక్కువ, పెసరపప్పు ఎక్కువ పడే పొంగల్ రోజు ఎక్కువ. అరవై మంది పిల్లలు, తలా 9 రూపాయలు, ఏడాదికి 200 పనిదినాలు అనుకుంటే 1,08,000. దీనికి వంటకూలి కలపాలి. పోల్చుకోవడానికి ఒక మాట: 2025 మే నుంచి కేంద్రం ప్రాథమిక తరగతుల మధ్యాహ్న భోజనానికి పెట్టిన వంట ఖర్చు పిల్లకు 6.78 రూపాయలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 10.17. బియ్యం అందులో లేవు, విడిగా వస్తాయి.

డబ్బు ఎవరి సొంత ఫోన్‌పేకూ పోకూడదు. కమిటీ బ్యాంకు ఖాతాకు రావాలి, ఖర్చు నెలకోసారి నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఊళ్లో సగం గొడవలు తిండి గురించి కాదు, లెక్క చెప్పకపోవడం గురించి వస్తాయి.

కడపలో స్మార్ట్ కిచెన్లు పెట్టారు కదా, అలా ఒకచోట వండి ఆటోలో పంపితే?

2024 డిసెంబరు 7న కడప మున్సిపల్ హైస్కూల్లో తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినప్పుడు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అక్కడ వంటశాల కట్టిస్తానన్నారు. ఆ తర్వాత ఆ జిల్లాలో ఒకచోట వండి చుట్టుపక్కల బడులకు మధ్యాహ్న భోజనం పంపే పద్ధతి వచ్చింది. శుభ్రత, కొలత విషయంలో అది మేలే. పొద్దుటి పూటకు మాత్రం చిక్కుంది. ఎనిమిదిన్నరకు చివరి బడికి చేరాలంటే తెల్లవారుజామున నాలుగింటికే వంట మొదలవ్వాలి. ఉప్మా ఆటోలో గంటసేపు ఉంటే గడ్డకడుతుంది. టౌన్‌లో, దగ్గర దగ్గర బడులుంటే ఆలోచించండి. ఆలూరు వైపో కదిరి వైపో విసిరేసినట్టుండే పల్లెలకైతే బడిలో వండుకోవడమే నయం.

## వంట, వడ్డన

ఏం పెడితే బాగుంటుంది? రోజూ ఉప్మానేనా?

రోజూ ఉప్మా పెడితే పిల్లలే కాదు, వండేవాళ్లూ విసుగెత్తిపోతారు. మన సీమలో పిల్లలు తినేవి, తక్కువ సేపట్లో అయ్యేవి చూసుకోండి.

నా ఓటు ఉగ్గానికే. బొరుగులు నీళ్లలో వేసి, పిండి పక్కన పెట్టుకోవాలి. ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు, టమాటాలు, పసుపుతో తిరగమాత వేసి బొరుగులు కలిపి, దించేముందు పప్పుల పొడి చల్లితే అరగంటలో అయిపోతుంది. గ్యాస్ కూడా పెద్దగా కాలదు. అరవై మందికి రెండు కిలోల బొరుగులు సరిపోతాయి. ఉత్త బొరుగులైతే గాలి తిన్నట్టే, గంటలో ఆకలేస్తుంది. అందుకని 600 గ్రాముల పప్పుల పొడి, వేయించిన బుడ్డలు ఇంకో 600 గ్రాములు తప్పకుండా పడాలి. పిల్లకు తలా పది గ్రాముల లెక్కన ఈ రెండూ కలిసి నాలుగైదు గ్రాముల ప్రొటీన్ ఇస్తాయి. ఉగ్గాని పక్కన తినే బజ్జీలు దసరాకు చూద్దాం.

పెసరపప్పు పొంగల్ రెండో మంచి ఎంపిక. బియ్యం మూడు వంతులకు పప్పు ఒక వంతు కన్నా తగ్గించొద్దు. ఉప్మా చేసే రోజు క్యారెట్, బీన్స్, గుప్పెడు బుడ్డలు వేయండి. కొర్రలు దొరికే ఊళ్లలో కొర్రల ఉప్మా కూడా నడుస్తుంది, కాకపోతే మొదట్లో రవ్వతో సగం సగం కలిపి అలవాటు చేయాలి. పులిహోర త్వరగా అవుతుంది, రుచిగా ఉంటుంది, అయితే అందులో బుడ్డలు తప్ప పోషకం పెద్దగా లేదు, వారానికోసారి చాలు. ఇడ్లీ మాట మర్చిపోండి. ముందురోజు రుబ్బాలి, ఎండాకాలంలో పిండి పులిసి పొంగిపోతుంది, ఇడ్లీ పాత్రలకే డబ్బంతా అయిపోతుంది.

రాగిజావ ఇచ్చే రోజుల్లో టిఫిన్ మానకండి, కాస్త తగ్గించి రెండూ ఇవ్వండి.

జావ ఉండలు కడుతోంది, పిల్లలు చాటుగా పారబోస్తున్నారు. ఎలా?

పిండిని మరిగే నీళ్లలో నేరుగా పోయడం వల్ల ఉండలు కడతాయి. ముందు చల్లటి నీళ్లలో జారుగా కలుపుకుని, మరిగే నీళ్లలో సన్నటి ధారగా పోస్తూ తిప్పాలి. పచ్చివాసన పోయేదాకా పది నిమిషాలు సన్నమంట మీద ఉడకాలి. బెల్లం విడిగా కరిగించి వడకట్టాకే కలపాలి, లేకపోతే పంటికింద ఇసుక తగులుతుంది. పిల్లలు పారబోసేది చాలాసార్లు ఆ ఇసుక వల్లే. తీపి నచ్చని పిల్లలకు ఉప్పు, మజ్జిగ కలిపిన జావ ఇచ్చి చూడండి, ఇళ్లల్లో అంబలి అలవాటున్నవాళ్లు అదే ఇష్టపడతారు. పిండి సంచి తెరవగానే పురుగు ఉందేమో, చేదు వాసన వస్తుందేమో చూడటం మర్చిపోవద్దు.

దాత బిస్కెట్ ప్యాకెట్లు పంపుతానంటున్నాడు. తీసుకోమా?

వద్దనండి, మర్యాదగా. మైదా, చక్కెర, నూనె. ఆ డబ్బుకే బుడ్డలు, బెల్లం, అరటిపళ్లు వస్తాయి.

ఫుడ్ పాయిజన్ అయితే? అదే భయంగా ఉంది.

భయపడటం మంచిదే. 2013 జులై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలవడమే కారణం. మోనోక్రోటోఫాస్ పేరు పత్తి రైతులకు కొత్త కాదు. మన ఇళ్లల్లో ఖాళీ మందు డబ్బాలు కడిగి నీళ్లకో, కిరోసిన్‌కో, ఒక్కోసారి నూనెకో వాడుకోవడం అందరూ ఎరిగినదే. బడికి ఎవరు ఏ సరుకు తెచ్చినా వాళ్ల డబ్బాలో తీసుకోవద్దు. నూనె సీల్ ఉన్న ప్యాకెట్‌లోనే రావాలి. నూనె వాసన తేడాగా ఉందని వండే ఆమె అంటే ఆ రోజు వంట ఆపేయాలి, ఆమె మాటే చివరి మాట.

మిగతావి మామూలు జాగ్రత్తలు. వడ్డించే ముందు ఒక ఉపాధ్యాయుడితో పాటు ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలి, మధ్యాహ్న భోజనానికి నియమాల్లో ఉన్నదీ ఇదే. వండినదాంట్లో ఒక గిన్నెడు మూతపెట్టి మరుసటి రోజు దాకా పక్కన ఉంచండి, ఏదైనా జరిగితే పరీక్షకు పనికొస్తుంది. రాత్రి మిగిలినవి ఏ పెళ్లి నుంచి వచ్చినా పిల్లలకు పెట్టొద్దు. ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒకేసారి వాంతులైతే వడ్డన ఆపి 108కి ఫోన్ చేయండి, ఇంటి వైద్యాలు వద్దు.

వండేది ఫలానా కులం ఆమె అని కొందరు పిల్లల్ని తిననివ్వడం లేదు.

ఇది ఇంకా ఉంది, లేదని నటించి లాభం లేదు. వంటమనిషిని మార్చొద్దు. ఒకసారి మారిస్తే ఇక ఎప్పటికీ మారుస్తూనే ఉండాలి. మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. పంతుళ్లు, కమిటీ పెద్దలు అదే పంక్తిలో కూర్చుని అదే తింటే చాలా వరకు సద్దుమణుగుతుంది. పిల్లలకు వేరే పంక్తి, వేరే ప్లేట్లు ఏ సాకుతోనూ పెట్టకూడదు. అంటరానితనం పాటించడం నేరం, ఆ మాట కమిటీలో అందరి ముందూ చదివి వినిపించండి.

ఒంటిపూట బడుల్లో టిఫిన్ ఎట్లా?

మార్చి నడుమ నుంచి బడి ఏడూ ముప్పావుకే మొదలవుతుంది. పరగడుపున వచ్చే పిల్లలు అప్పుడే ఎక్కువ. ఆ నెలన్నర వంట ఆరింటికే మొదలవ్వాలి, లేదా మొదటి రెండు పీరియడ్లయ్యాక తొమ్మిదిన్నరకు విరామం ఇచ్చి పెట్టాలి. రెండో పద్ధతే నిలుస్తుంది. పెరుగన్నం, పలుచటి మజ్జిగ లాంటివి ఎండకు బాగుంటాయి.

రంజాన్ నెలలో?

ఉపవాసం ఉండే పెద్ద పిల్లల్ని బలవంతపెట్టొద్దు, వాళ్ల వాటా చిక్కీయో బుడ్డలో ఇంటికి ఇవ్వొచ్చు. చిన్నపిల్లలు ఎలాగూ తింటారు. కర్నూలు, కడప పాతబస్తీల్లో ఉర్దూ మీడియం బడుల వేళలు ఆ నెలలో మారతాయి, వంట వేళ కూడా దాన్ని బట్టే.

## పిల్లల ఒళ్లు, చదువు

టిఫిన్ తింటే మధ్యాహ్నం అన్నం వదిలేస్తారు కదా?

తొమ్మిదింటి లోపు పెడితే వదలరు. పదిన్నరకు పెడితే వదులుతారు. వేళదే సమస్య, తిండిది కాదు.

ఐరన్ మాత్ర వేస్తే కడుపునొప్పి అంటోంది మా పాప. మానిపించమా?

మానిపించొద్దు. చిన్న తరగతులకు గులాబీ రంగు మాత్ర, పెద్ద పిల్లలకు నీలం మాత్ర వారానికోసారి బడిలో ఇస్తారు. పరగడుపున వేసుకుంటే వికారం, కడుపునొప్పి వస్తాయి. తిన్నాక వేసుకోమనండి, దాని వెంటనే టీ తాగొద్దు, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ, ఉసిరి, జామ లాంటివి తింటే బాగా పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆ మాత్రను తేలిగ్గా తీసుకునే స్థితిలో లేం. ఫిబ్రవరి, ఆగస్టుల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా వేయించండి, లేకపోతే తిన్నదాంట్లో వాటాదారులుంటారు.

టిఫిన్ పెడితే మార్కులు పెరుగుతాయా?

దాతలు ఎక్కువగా అడిగేది ఇదే. జమైకాలోని పల్లె బడుల్లో ఒక ఏడాది పాటు పిల్లలకు అల్పాహారం పెట్టి చేసిన అధ్యయనం 1998లో వెలువడింది. హాజరు, ఎత్తు, బరువు కొద్దిగా పెరిగాయి, చిన్న తరగతుల పిల్లలు లెక్కల్లో మెరుగయ్యారు. కొద్దిగా అన్న మాట గమనించండి. కడుపు నిండిన పిల్లకు పాఠం చెప్పేవాళ్లు కూడా ఉండాలి కదా. మార్కుల ఆశ చూపించి విరాళం అడిగితే మార్చిలో ఫలితాలు చూసి దాత మానేస్తాడు. ఆకలి తీర్చడానికే అని చెప్పి అడగండి.

## ఇబ్బందులు వచ్చినప్పుడు

మేం సుగ్గికి పోతాం. పిల్లల తిండి సంగతేంటి?

కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి గుంటూరు మిరపకోతలకు పోయే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఇది. పిల్లల్ని వెంట తీసుకుపోతే బడి పోతుంది, అన్నంతో పాటే. సమగ్ర శిక్ష కింద వలస ఎక్కువున్న ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. అక్కడ పిల్లలకు ఉదయం, రాత్రి కూడా తిండి, పడక ఉంటాయి. అవి తెరవాలంటే ఎంతమంది పిల్లలు మిగులుతారో ముందే లెక్క పోవాలి. దసరా అయిపోగానే హెచ్ఎంకు పేర్లు రాయించండి. ఊరు సగం ఖాళీ అయ్యాక అడిగితే హాస్టల్ తెరిచేసరికి మీరు తిరిగొచ్చేస్తారు. అవ్వ దగ్గర వదిలి పోయేవాళ్లు ఆ సంగతి టీచరుకు చెప్పి పొండి. టిఫిన్ నడిచే బడి అయితే ఆ నాలుగు నెలలు ఆ పిల్లలకు రెండోసారి వడ్డించమని నేను ప్రతి కమిటీకీ చెబుతుంటాను.

మధ్యాహ్న భోజనమే సరిగా రావడం లేదు, టిఫిన్ సంగతి తర్వాత. ఎవర్ని అడగాలి?

అది దయ కాదు, హక్కు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి వరకు ఉచితంగా పెట్టాలి. 2015 నియమాల ప్రకారం బియ్యం లేవనో, గ్యాస్ లేదనో, వంటమనిషి రాలేదనో భోజనం ఆగితే ఆ రోజులకు ఆహార భద్రత భత్యం కింద బియ్యం, డబ్బు పిల్లలకు ఇవ్వాలి. వరసగా మూడు రోజులు, లేదా నెలలో ఐదు రోజులు ఆగితే బాధ్యులెవరో ప్రభుత్వం తేల్చాలి. ఏ తేదీన పెట్టలేదో రాసుకోండి. ముందు హెచ్ఎం, తర్వాత ఎంఈవో, ఆ పైన డీఈవో, సోమవారం కలెక్టరేట్ అర్జీలు. నోటి మాట కాదు, కాగితం. ఏజెన్సీ అక్కల బిల్లులు ఆగడం వల్లే భోజనం పలచబడిందేమో కూడా కనుక్కోండి, వాళ్ల మీద అరిచే ముందు.

వేసవి సెలవుల్లో ఏమీ ఉండదా?

కరువు మండలంగా ప్రకటించిన చోట సెలవుల్లో కూడా మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది, 2016 మేలో మళ్లీ చెప్పింది. అనంతపురం లాంటి జిల్లాకు ఇది ఎప్పుడైనా అవసరం పడేదే. మీ మండలం కరువు జాబితాలో ఉంటే ఏప్రిల్‌లోనే అర్జీ పెట్టండి.

దాత మధ్యలో మానేశాడు. పిల్లలకు ఏం చెప్పాలి?

పిల్లలకు నిజం చెప్పండి, వాళ్లకు అర్థమవుతుంది. తర్వాత వంట ఆపకుండా తగ్గించుకోండి. వారంలో ఆరు రోజులు కుదరకపోతే జావ లేని మూడు రోజులే పెట్టండి. అదీ కుదరకపోతే తలా గుప్పెడు వేయించిన బుడ్డలు, చిన్న బెల్లం ముక్క. దానికి పొయ్యి, గ్యాస్, ఏడు గంటలకు వచ్చే మనిషి ఏమీ అక్కర్లేదు. కోతల కాలంలో ఊళ్లో ప్రతి రైతునూ ఒక్కో మూట బుడ్డలు అడిగి పెట్టుకుంటే, తేమ తగలకుండా దాచిన కాయ నెలల తరబడి ఉంటుంది. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి ఏరి పారేయండి, బూజులో విషం ఉంటుంది, వేయించినా పోదు. కొత్త దాతను వెతికేటప్పుడు ఒక్కరినే కాకుండా నెలకొకరిని చూసుకోండి, పన్నెండు మంది ఉంటే ఒకరు తప్పుకున్నా పదకొండు నెలలు నడుస్తుంది.